ఒకటిన్నర థౌ

యంత్రశాస్త్రంలో 'టాలరెన్స్' అని ఒక మాట ఉన్నది. నిఘంటువు తెరిస్తే సహనం, ఓర్పు అని అర్థాలు కనిపిస్తాయి. ఇనుముకు ఓర్పు ఏమిటని మనవంటి వారికి సందేహం కలగడం సహజం. ముప్పై నాలుగేళ్ళు బడిలో ఛందస్సు చెప్పిన వాణ్ణి కనుక నాకు ఆ మాట ఛందస్సు ద్వారానే బోధపడింది. అదే క్రమంలో మీకూ చెప్పనివ్వండి.

ఉత్పలమాలలో భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలు ఆ వరుసలోనే రావాలి. గురువు ఉండవలసిన చోట లఘువు పడితే పాదం కుంటుతుంది. అక్కడ ఓర్పు లేదు. ఆటవెలది అలా కాదు. ఇంద్రగణం ఉండవలసిన చోట నగ, సల, నల, భ, ర, త అనే ఆరింటిలో ఏది వచ్చినా సరే. ఏడవది మాత్రం రాకూడదు. ఎంతవరకు తేడాను ఒప్పుకోవచ్చునో ముందే చెప్పి, ఆ గీటు దాటితే ఒప్పుకోకపోవడమే టాలరెన్సు. సహనమంటే ఏదైనా సరే అనడం కాదన్న మాట.

దీనితో కలిపి పొరబడే మాట మరొకటి ఉన్నది, 'క్లియరెన్స్'. దీనికి మన తెలుగులో 'ఎడం' అనే చక్కని మాట ఉన్నది. రెండు భాగాలు రాసుకోకుండా మధ్యన ఉంచే జాగా ఎడం. ఆ జాగా ఎంత హెచ్చుతగ్గులుగా ఉండవచ్చునో చెప్పేది టాలరెన్సు. ఈ రెంటినీ నేను పుస్తకంలో నేర్చుకోలేదు. మా అన్నగారి అంబాసిడరు ఇంజను విప్పినప్పుడు విజయవాడ ఆటోనగరులో, గ్రీజు మరకల బల్ల ముందు కూర్చుని నేర్చుకున్నాను.

అన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆయన కారు 1978 నాటిది. అంబాసిడరు అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీసు కారుకు మన దేశపు రూపం. ఆ రోజుల్లో దానికి బిగించిన 1489 సీసీ పెట్రోలు ఇంజను ఇంగ్లండులో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారు రూపొందించినది. నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదాని వ్యాసం 73 మిల్లీమీటర్ల పైచిలుకు, పిస్టను నడిచే దూరం సుమారు 89 మిల్లీమీటర్లు. ఉత్తరపారా కర్మాగారంలో 2014 మే నెలలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. అంటే ఈ ఇంజనుకు క్రాంకు షాఫ్టు పాడైతే, ఇంకొక పాత ఇంజను పొట్ట చీల్చవలసిందే. ఈ సంగతి గుర్తుంచుకోండి. కథంతా దీనిమీదనే నడుస్తుంది.

ఇంజను బోరుకు వచ్చింది. నీలి పొగ కొడుతున్నది, లీటర్ల కొద్దీ ఆయిలు త్రాగుతున్నది. "ఈ ఏడాది నడపకపోతే ఇక నడపనురా తమ్ముడూ, కళ్ళు ఒప్పుకోవు" అన్నారు అన్నగారు. మెకానిక్కు షెడ్డుకు రోజూ ఆయనతో వెళ్ళేవాడు ఎవరూ లేక నేను వెళ్ళాను. వెళ్ళినవాణ్ణి ఊరికే కూర్చోనివ్వకుండా మేస్త్రీ నాకొక పని అప్పగించాడు. "మాష్టారూ, మీ దస్తూరీ బాగుంటుందట. నేను చెప్పిన అంకెలు వ్రాయండి చాలు" అని ఒక నోటుపుస్తకం చేతికిచ్చాడు. అలా వ్రాయసకాడినయ్యాను.

అక్కడి కొలమానం 'థౌ'. అంగుళంలో వెయ్యవ వంతు, అనగా 0.0254 మిల్లీమీటరు. మన తలవెంట్రుక మందం సుమారు రెండు మూడు థౌలు ఉంటుంది. మిల్లీమీటర్లలో బ్రతికే దేశంలో ఆటోనగరు ఇంకా అంగుళాలలోనే మాట్లాడుతున్నది. ఆ ఇంజను అంగుళాలలో పుట్టినది కనుక దానితో దాని భాషలోనే మాట్లాడాలి మరి.

సిలిండరును ఒక చోట కొలిస్తే చాలదు. పైన, మధ్యన, క్రింద మూడు ఎత్తులలో, ఒక్కొక్క ఎత్తులో రెండు దిక్కులలో కొలవాలి. అరుగుదల అంతటా ఒకేలా ఉండదు. పిస్టను రింగులు పైకి వచ్చి ఆగే చోట ఎక్కువ, క్రింద తక్కువ. క్రాంకుకు అడ్డంగా ఉన్న దిక్కున ఎక్కువ, పొడవునా ఉన్న దిక్కున తక్కువ. పిస్టను క్రిందికి దిగేటప్పుడు కనెక్టింగు రాడ్డు ఏటవాలుగా ఉండి దానిని ప్రక్క గోడకు ఒత్తుతుంది కనుక, గుండ్రని బోరు నలభై ఏళ్ళలో అండాకారం దాలుస్తుంది. అందుకే మళ్ళీ గుండ్రంగా వచ్చేదాకా బోరు పెంచి, పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు. పది, ఇరవై, ముప్పై, నలభై థౌల లెక్కన సైజులు పెరుగుతాయి. క్రాంకుది దీనికి తలక్రిందులు. అరిగిన చోట గ్రైండింగు చేసి సన్నం చేస్తారు. ఆ మేరకు దళసరి బేరింగు షెల్సు వేస్తారు. ఎన్నిసార్లంటే అన్నిసార్లు సన్నం చేయడం కుదరదు. మా మేస్త్రీకి అంగడిలో దొరికే షెల్సులో ఆఖరి సైజు నలభై. అన్నగారి క్రాంకు అప్పటికే ఇరవైలో ఉన్నది. ఈసారి ముప్పైకి దించాలి. అంటే ఆ తరువాత దాని ఆయుష్షు ఇంకొక్క మెట్టు.

బ్లాకు, క్రాంకు రెండూ ఆటోనగరులోనే ఒక లేతు షాపుకు వెళ్ళి పది రోజులకు తిరిగి వచ్చాయి. చీటీ మీద బోరు 30, క్రాంకు 30 అని వ్రాసి ఉన్నది. పని నున్నగా, అద్దంలా మెరుస్తున్నది. బిగించడమే తరువాయి అని మేము అనుకుంటే, మేస్త్రీ ఆ రోజు దేనినీ ముట్టుకోలేదు. క్రాంకును, పిస్టన్లను, మైక్రోమీటరును ఒకే బల్ల మీద పెట్టి గుడ్డ కప్పాడు. "రేపు ప్రొద్దున ఆరింటికి రండి మాష్టారూ" అన్నాడు.

దీనికి కారణం వేడి. కొలతలన్నీ 20 డిగ్రీల వేడిమిలో చెప్పినవని ప్రపంచమంతటా ఒడంబడిక. బెజవాడ షెడ్డులో వేసవి ప్రొద్దున కూడా 20 ఎక్కడిది? అయితే క్రాంకూ ఉక్కే, మైక్రోమీటరూ ఉక్కే. రెండూ ఒకే వేడిలో ఒక రాత్రి కలిసి ఉంటే, రెండూ ఇంచుమించు ఒకే పాళ్ళలో వ్యాకోచిస్తాయి కనుక అంకె తప్పదు. పిస్టనుతోనే చిక్కు. అది అల్యూమినియం. ఉక్కుకు రెట్టింపుగా సాగుతుంది. 35 డిగ్రీల షెడ్డులో 73 మిల్లీమీటర్ల పిస్టను, ఉక్కు మైక్రోమీటరుకు దాదాపు అర థౌ లావుగా కనిపిస్తుంది. పిస్టనుకు ఇచ్చే ఎడమే రెండు థౌల చిల్లర అయినప్పుడు అర థౌ చిన్న సంగతి కాదు. ఎండలో పెట్టిన పిస్టనును నీడలో ఉన్న మైక్రోమీటరుతో కొలిచేవాడు పిస్టనును కాదు, ఎండను కొలుస్తున్నాడన్న మాట.

మరునాడు కొలతలు మొదలైనవి. బోర్లకు 24 చోట్లు. క్రాంకులో మెయిను జర్నల్సు మూడు, రాడ్డు పిన్నులు నాలుగు, మొత్తం ఏడు. ఒక్కొక్కదానికి రెండు కొనలలో రెండు దిక్కుల చొప్పున 28 చోట్లు. ఒకసారి అన్నీ అయ్యాక మేస్త్రీ, "పేజీ త్రిప్పేయండి. మళ్ళీ మొదటినుంచి కొలుస్తాను. ఇందాకటి అంకె నాకు చెప్పకండి" అన్నాడు. నాకు ముచ్చట వేసింది. పదవ తరగతి జవాబు పత్రాలు దిద్దే రోజుల్లో నాకు తెలిసిన న్యాయమే ఇది. మొదటివాడు వేసిన మార్కులు కనిపిస్తే రెండవవాడి కలం తెలియకుండానే అటు వాలుతుంది. చూడకుండా దిద్దితేనే రెండవ దిద్దుబాటుకు విలువ. వెరసి 104 అంకెలు వ్రాశాను.

బోర్లు చక్కగా ఉన్నవి. నాలుగింటిలోనూ ఎక్కడా అర థౌ మించి తేడా లేదు. రింగును బోరులోకి దించి, పిస్టనుతో చదునుగా నెట్టి, కొనల మధ్య సందును గేజీ రేకుతో చూశారు. బోరు అంగుళానికి నాలుగు థౌలు అని లెక్క. ఈ బోరుకు పదకొండు పన్నెండు కావాలి. ఉన్నది. ఆ సందు లేకపోతే వేడికి రింగు కొనలు ఒకదానినొకటి పొడుచుకుని విరుగుతాయట.

క్రాంకు దగ్గర మేస్త్రీ మొహం మారింది. రాడ్డు పిన్ను 1.846 అంగుళం ఉండాలి. 1.8445 ఉన్నది. మెయిను జర్నలు 1.970 ఉండాలి. 1.9685 ఉన్నది. ఒకటిన్నర థౌ తక్కువ. ఒకదానిలో కాదు, ఏడింటిలోనూ అంతే. రెండవసారి కొలిచినా అంతే.

ఒకటిన్నర థౌ అంటే వెంట్రుకలో సగం. దీనికింత కంగారెందుకని అడిగాను. మేస్త్రీ చెప్పినదానికి తరువాత నేను చదువుకున్నది కలిపి చెబుతాను. తిరిగే ఇరుసు నిజానికి బేరింగును తాకదు. ఆయిలును తనతో లాక్కుని, దానిని సన్నని పొరగా ఒత్తి, ఆ పొరమీద తేలుతుంది. 1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల మీద పరీక్షలు చేస్తూ, బేరింగుకు పైన వేసిన రంధ్రంలోనుంచి ఆయిలు పైకి రావడం చూసి చెక్క బిరడా కొట్టాడు. ఇరుసు తిరిగేసరికి లోపలి ఒత్తిడి ఆ బిరడాను బయటకు నెట్టివేసింది. ఎందుకిలా జరుగుతుందో 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ గణితం ద్వారా నిరూపించాడు. ఎడం మరీ తక్కువైతే ఆ పొర ఏర్పడదు, బేరింగు పట్టేస్తుంది. మరీ ఎక్కువైతే ఆయిలు ప్రక్కలకు కారిపోతుంది, ఒత్తిడి పడిపోతుంది, ఇంజను డొక్కలో సుత్తి కొట్టినట్టు మ్రోగుతుంది. ఇరుసు వ్యాసం అంగుళానికి ఒక థౌ ఎడం అని పనివాళ్ళ లెక్క. ఈ పిన్నుకు రెండు కావాలి, రెండున్నర దాకా ఓర్చుకోవచ్చు. ఇప్పుడున్నది మూడున్నర.

మేస్త్రీ ఇంకొక సాక్షిని పిలిచాడు. ప్లాస్టిగేజ్ అని దారపు పోగువంటి మైనపు తీగ ఒకటి ఉంటుంది. దానిని పిన్ను మీద ఉంచి, షెల్సుతో రాడ్డు మూత నిర్ణయించిన బిగువుకు బిగించి, విప్పి చూస్తే తీగ నలిగి వెడల్పవుతుంది. ఎడం తక్కువైతే ఎక్కువ నలుగుతుంది. ఆ వెడల్పును పొట్లం మీది గీతలతో పోల్చాలి. అదీ మూడున్నరే చెప్పింది. పాపం ఆ మైనపు తీగకు మైక్రోమీటరు ఏమి చెప్పిందో తెలియదు కదా.

నన్ను పట్టుకున్నది ఏడింటిలోనూ ఒకే తేడా ఉండడం. చేయి తడబడి ఉంటే ఒకదానిలో అర థౌ, ఇంకొకదానిలో రెండు థౌలు, ఇలా చెల్లాచెదరుగా ఉండేది. తరగతిలో నలభైమందీ వేర్వేరు తప్పులు వ్రాస్తే అది పిల్లల అజాగ్రత్త. నలభైమందీ ఒకే తప్పు వ్రాస్తే వాళ్ళు చూసిన గైడు పుస్తకంలోనే తప్పున్నదని అర్థం. తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికీ ఇది తెలిసిన సంగతే. అన్ని ప్రతులలోనూ ఒకేచోట ఒకే విధమైన లోపం ఉంటే, వాటి మూలప్రతిలో వెదకాలి. ఇదే మాట మేస్త్రీతో అన్నాను. అతడు తల ఊపి, "గ్రైండింగు చేసినవాడి చేయి బంగారం మాష్టారూ. తేడా చేతిలో లేదు, కొలిచేదానిలో ఉన్నది" అన్నాడు.

ఆ సాయంత్రం అన్నగారికి విషయం చెప్పాము. ఆయన వాదన తోసివేయదగినది కాదు. "ఇలాగే బిగిస్తే ఎన్నాళ్ళు నడుస్తుంది?" అన్నారు. "రెండేళ్ళు నడవవచ్చు. ఆయిలు ప్రెషరు తక్కువ చూపిస్తుంది. ఎప్పుడు మ్రోగుతుందో చెప్పలేను" అన్నాడు మేస్త్రీ. "నలభైకి దించితే ఇక క్రాంకుకు ఆఖరు. దించకపోతే ఇంకొక మెట్టు మిగులుతుంది. నాకు రెండేళ్ళు చాలు. ఆ మెట్టు నా మనుమడికి ఉంచితే తప్పేమిటి?" మేస్త్రీ ఒకటే జవాబు చెప్పాడు. "ఎడం ఎక్కువై బేరింగు పోతే పిన్నును గీరుకుంటూ పోతుంది బాబుగారూ. అప్పుడు నలభైకి కూడా అందదు. మీరు దాచానని అనుకున్నది దాగదు."

అన్నగారు ఆ రాత్రి భోజనం దగ్గర ఏమీ మాట్లాడలేదు. తెల్లవారి, "తెలియకముందైతే నడిపేవాణ్ణిరా. తెలిశాక ప్రతి చప్పుడూ అదేనేమో అనిపిస్తుంది. నలభైకి దించమను" అన్నారు.

ఇక లేతు షాపు. ఆ యజమానికీ మా మేస్త్రీకీ పాతికేళ్ళ స్నేహం. మన దేశంలో ఒకరి పనిని ఇంకొకరు కొలిచి చూడడమంటే అనుమానించడమే, అనుమానించడమంటే అవమానించడమే. ఆ స్నేహం ఈ పూటతో సరి అని నేను భయపడ్డాను. మేస్త్రీ ఆరోపణ మాట ఎత్తలేదు. క్రాంకును బల్ల మీద పెట్టి, తన మైక్రోమీటరు యజమాని చేతికిచ్చి, "మీరు నాదానితో కొలవండి, నేను మీదానితో కొలుస్తాను" అన్నాడు. యజమాని 1.8445 చదివాడు. మేస్త్రీ 1.846 చదివాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఒకటి నుంచి రెండు అంగుళాలు కొలిచే మైక్రోమీటరును చిన్నదానిలాగా దవడలు మూసి సున్నా సరిచూడడం కుదరదు. దానితోపాటు సరిగ్గా ఒక అంగుళం ఉండే సెట్టింగు రాడ్డు వస్తుంది. దానిని దవడల మధ్య పెట్టి చూసుకోవాలి. లేతు షాపువారి రాడ్డు ఎప్పుడో పోయింది. మేస్త్రీ జేబులోనుంచి తనది తీసి పెట్టాడు. యజమాని మైక్రోమీటరు 1.0015 చూపించింది. అతనికి కోపం రాలేదు. మాట కూడా రాలేదు. కాసేపటికి లేచి పనుల రిజిస్టరు తెచ్చుకున్నాడు. మైక్రోమీటరు ఎప్పుడు క్రిందపడిందో పనికుర్రవాణ్ణి అడిగి, ఆ తేదీ తరువాత వెళ్ళిన ప్రతి క్రాంకు ఎదుటా పెన్సిలుతో చుక్క పెట్టుకుంటూ వచ్చాడు. మేము కాఫీ త్రాగుతూ ఉండగానే మొదటి ఫోను చేశాడు. "మీ బండి ఇంకా బిగించకపోతే ఒకసారి క్రాంకు తీసుకురండి. బిగిస్తే విప్పుకుని రండి, ఖర్చు నాది" అంటున్నాడు. ఎవరూ అడగకముందే అడిగి మరీ నష్టం నెత్తిన వేసుకుంటున్న ఆ మనిషిని చూస్తే, నేను భయపడిన అవమానం ఎక్కడా కనిపించలేదు.

క్రాంకు నలభైకి దిగింది. మళ్ళీ రాత్రంతా గుడ్డ క్రింద ఉన్నది. మళ్ళీ 56 అంకెలు వ్రాశాను. ఏడింటిలోనూ ఎడం రెండు థౌలకు అటూ ఇటూగా, ఓర్పు గీటుకు లోపలే ఉన్నది. ఇప్పటికి ఆ ఇంజను మూడువేల కిలోమీటర్లు తిరిగింది. అన్నగారు పగటిపూట మాత్రమే నడుపుతున్నారు. ఎక్కిన ప్రతిసారీ మొదట చూసేది ఆయిలు ప్రెషరు ముల్లునే.

లేతు షాపుకు మొన్న మరొకమారు వెళ్ళవలసి వచ్చినప్పుడు యజమానికి కౌటిల్యుని అర్థశాస్త్రం సంగతి చెప్పాను. అందులో కొలతలు పరమాణువుతో మొదలవుతాయి. ఎనిమిది పరమాణువులు కలిస్తే రథచక్రం రేపిన ఒక ధూళికణం. అక్కడినుంచి ఎనిమిదేసి రెట్ల చొప్పున పేనుగ్రుడ్డు, పేను, యవగింజ నడుమూ దాటి అంగుళం వస్తుంది. బండిచక్రపు ధూళినే కొలతగా పెట్టుకున్నవాడికి థౌ పరాయిది కాదు. ఆ ధూళికణం మన థౌ కన్నా సన్నమే. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. తూనికలను, కొలతలను పౌతవాధ్యక్షుడు నాలుగు నెలలకొకసారి సరిచూసి ముద్ర వేయాలట. ముద్ర లేనివి వాడితే ఇరవై ఏడుంపావు పణాల జరిమానా.

యజమాని శ్రద్ధగా విన్నాడు. బల్ల సొరుగు లాగి క్రొత్త సెట్టింగు రాడ్డు చూపించాడు. దాని పెట్టె మూత మీద నాలుగు తేదీలు వరుసగా వ్రాసి ఉన్నవి, అన్నీ సోమవారాలే.

"నేను వారానికొకసారి చూస్తున్నాను మాష్టారూ. అయినా, ఆ పణం అంటే ఎంతండీ? ఆ లెక్కన నేను ఎంత కట్టాలి?" అన్నాడు.